తేట నీళ్లలో కంటికి కనపడని లోహం

బోరు నీళ్లు తేటగా, రుచిగా ఉంటే ఇంకేం భయం అనుకుంటాం. నీళ్లలో ఉప్పు ఉంటే నాలుకకు తెలుస్తుంది. ఇనుము ఉంటే బిందెకు తుప్పు రంగు పడుతుంది. కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ అలా కాదు. వాటికి రంగూ లేదు, వాసనా లేదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరి మూత్రపిండాలను, ఎముకలను, నరాలను దెబ్బతీస్తాయి.

రోలుగుంట నీళ్లు చెడిపోయాయని చెప్పడం కాదు. పటాన్‌చెరులో జరిగింది చూసి ముందే మేలుకోవాలని చెప్పడం. అక్కడ 1970ల తర్వాత వచ్చిన ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. ఆ ప్రాంతం నేలల్లో భార లోహాలు హెచ్చుగా ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రకటించారు. అప్పటికే రైతులు పంటలు, పశువులు నష్టపోయి కోర్టుకెక్కారు.

ఎంత దాటితే ముప్పు?

తాగునీటిలో కాడ్మియం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు, సీసం 0.01, ఆర్సెనిక్ 0.01 దాటకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. కాడ్మియం లెక్క చూస్తే వంద కోట్ల పాళ్ల నీటిలో మూడు పాళ్లన్న మాట! ఇంత తక్కువ ఉంటే మామూలు యంత్రానికి అందదు.

బెల్లం పాకంలా మరిగిస్తే చాలదా?

చెరకు రసం మరిగిస్తే పాకం చిక్కబడినట్టు నీళ్లనూ మరిగించవచ్చు కదా అని అడగొచ్చు. మరిగిస్తే లోహంతో పాటు ఉప్పు, సున్నం కూడా చిక్కబడి యంత్రం లెక్కను తప్పుదారి పట్టిస్తాయి. అందుకే ప్రయోగశాలల్లో రెజిన్ గుళికలు నింపిన చిన్న గొట్టం గుండా నీటిని నెమ్మదిగా పంపుతారు. లోహం గుళికలకు అంటుకుంటుంది, ఉప్పు చాలావరకు నీటితో పోతుంది. తర్వాత కొద్దిపాటి నైట్రిక్ ఆమ్లం పోసి లోహాన్ని కడిగి దింపుతారు. లీటరు నీటిలోని లోహం 10 మిల్లీలీటర్లలోకి వస్తే వంద రెట్లు చిక్కబడినట్టే. అప్పుడు యంత్రం ఇట్టే పట్టేస్తుంది. వచ్చిన అంకెను వందతో భాగిస్తే అసలు లెక్క తేలుతుంది.

నమూనా ఇలా తీయాలి

* బోరును 10, 15 నిమిషాలు నడిపించాకే నీళ్లు పట్టాలి.
* ఇత్తడి, రాగి, జింకు పూత పాత్రలు వాడరాదు. ప్రయోగశాల ఇచ్చిన ప్లాస్టిక్ సీసాయే మేలు.
* మందు డబ్బాలు ఎంత కడిగినా పనికిరావు.
* సీసాపై ఊరు, సర్వే నంబరు, బోరు లోతు, తేదీ రాయాలి.
* మామూలు నీటి పరీక్షలో చౌడు, ఉప్పు లెక్కలే వస్తాయి. లోహాల పరీక్ష కావాలని విడిగా అడగాలి.

ఒక్కడికి ఖర్చు బరువనిపిస్తే పక్కపక్క బోర్ల రైతులు నలుగురు కలిసి ఒక బోరు నమూనా పంపడం నయం.

ఏ లోహమో తెలియకుండా వైద్యం వద్దు

వరి మడిలో నీరు నిలిపితే గింజలోకి కాడ్మియం తక్కువగా చేరుతుంది. ఆర్సెనిక్ మాత్రం నిలవ నీటిలోనే ఎక్కువగా ఎక్కుతుంది. దానికి మడిని మధ్యమధ్య ఆరబెట్టాలి. ఒకదానికి మందైనది మరొకదానికి విషమవుతుంది. కాబట్టి ముందు పరీక్ష, ఆ తర్వాతే నీటి యాజమాన్యం.