చిల్లు కానీ విలువ

పూర్వము మన దేశమున రూపాయికి పదునాఱు అణాలు, అణాకు నాలుగు కానీలు. అనగా రూపాయికి 64 కానీలు. ఈ లెక్క 1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన మాఱినది. నాటినుండి రూపాయిని 100 నయాపైసలుగా విభజించిరి. కానీల వాడుక క్రమముగా తొలగిపోయెను. అయినను పాత పెట్టెల అడుగునను, అటకమీది డబ్బాలలోను అవి నేటికిని కానవచ్చుచుండును. అట్టి నాణెము చేతికి చిక్కినప్పుడు ఎవ్వరైనను మొదట అడుగు ప్రశ్న, "దీని వెల యెంత?" అనునదియే.

వెలకంటె ముందు దాని కథను తెలిసికొనవలెను. 1835లో ఈస్టిండియా కంపెనీ తన యేలుబడిలోని ప్రాంతముల కన్నిటికిని ఒకే తీరు నాణెములను ప్రవేశపెట్టెను. నాటి కానీ రాగితో చేయబడి సుమారు 6.5 గ్రాములు తూగెడిది. 1906లో ప్రభుత్వము రాగికి మాఱుగా, కొద్దిపాటి తగరమును తుత్తునాగమును కలిపిన కంచును వాడసాగెను. బరువును 5 గ్రాములకు లోపుగా తగ్గించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లోహమునకు కఱవు వచ్చెను. అందుచే 1943లో నడుమ పెద్ద రంధ్రము గల కానీ వెలువడెను. దాని బరువు సుమారు 2 గ్రాములు మాత్రమే. రాజుగారి తలబొమ్మకు అందు తావు లేక కిరీటము మాత్రమే మిగిలెను. దీనినే తెలుగువారు చిల్లు కానీ అనిరి. స్వతంత్ర భారతము 1950లో ముద్రించిన కానీపై అశోకుని సింహములును, గుఱ్ఱమును వెలసినవి.

ఇక వెల మాట. పాతదైనంతమాత్రమున నాణెమునకు వెల హెచ్చదు. 1835 నాటి కానీలును, చిల్లు కానీలును లెక్కకు మిక్కిలిగా ముద్రింపబడినవి. కావున వానిలో అరిగినవి స్వల్పమైన ధరకే లభించును. ఒక సంవత్సరపు నాణెములు ఎన్ని మిగిలియున్నవి, అక్షరములు ఎంత స్పష్టముగా నున్నవి, కోరువారెందఱు అను మూడు విషయములను బట్టి వెల యేర్పడును.

రాగిచెంబును తోమినట్లు నాణెమును చింతపండుతో తోమి మెఱిపించువారు కలరు. ఇది పెద్ద పొరపాటు. ఏండ్ల తరబడి యేర్పడిన గోధుమవన్నె పొర లోహమునకు రక్షణ. పులుపు దానిని కరగించివేయును. పోయిన పొర తిరిగి రాదు. తోమిన నాణెమును సేకరణకర్తలు చూచినంతనే గుర్తింతురు. దాని వెల పడిపోవును. నాణెమును అంచులతో పట్టుకొని, కాగితపు సంచిలో నుంచి, తేమ లేనిచోట భద్రపఱచిన చాలును.

తెలియనివారిని మోసగించువారును కలరు. కంపెనీ పేరును, 1818 సంవత్సరమును, శ్రీరామ పట్టాభిషేక చిత్రమును గల రాగిబిళ్ళలను చూపి, లక్షలు చేయునని నమ్మించి అమ్ముచుందురు. కంపెనీ అట్టి నాణెమును ముద్రింపనే లేదు. పాత నాణెముల క్రయవిక్రయములకై తన పేరు చెప్పి రుసుములను, పన్నులను అడుగువారిని నమ్మవలదని భారత రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించెను. నాణెముల చరిత్ర నెఱిగినవాడు ఇట్టి మాటలకు లోబడి కష్టార్జితమును పోగొట్టుకొనడు.

చిల్లు కానీ వలన ధనవంతులైన వారు అరుదు. కాని దానిని శ్రద్ధతో పరిశీలించిన బాలునకు, ఒక యుద్ధపు కఱవును, ఒక రాజ్యపు అస్తమయమును అరచేతిలో చూచుకొను భాగ్యము కలుగును.