సందూకలో తాత పిస్తోలు... ఏం చేద్దాం?

పెద్దాయన దినాలు అయిపోయాయి. చుట్టాలంతా వెళ్ళిపోయారు. ఆయన మంచం కింది సందూక తెరిచి పాత కాగితాలు, పట్టా పుస్తకాలు సర్దుతున్న కోడలి చేతికి ధోవతి ముక్కలో చుట్టిన బరువైన వస్తువేదో తగిలింది. విప్పి చూస్తే పిస్తోలు! "అత్తమ్మా, గిదేంది?" అని అడిగితే ఆమె తాపీగా, "మీ మామ వాళ్ళ తాతది బిడ్డా. దొరల కాలం నాటిది. మస్తు పైసలొస్తయట. ఎవ్వరికి చెప్పకు, అట్లనే పెట్టు" అంది.

ఈ మాటలు జనగామలో వినిపించొచ్చు, మహబూబాబాద్‌లో వినిపించొచ్చు, భూపాలపల్లిలోనూ వినిపించొచ్చు. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యే వరకు ఈ మూడూ వరంగల్ జిల్లాలోనివే. గడీలు, పటేళ్ళు, అడవి అంచు పల్లెలు ఉన్న నేల ఇది. ఇలాంటి చోట పాత ఇళ్ళ అటకల మీద ఒక పిస్తోలో, గోడకు ఒక బర్మార్ తుపాకీయో కనిపిస్తే వింతేమీ లేదు. ఇంట్లో మగవాళ్ళు వెంటనే "ధర ఎంత పలుకుతుంది?" అంటారు. నిజానికి అది మూడో ప్రశ్న. దానికన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఇది ఎవరి పేరు మీద ఉంది? ఎప్పటిది?

ముందు పిల్లల్ని బయటికి పంపండి

పాతదే కదా, పేలదులే అనుకోకండి. దశాబ్దాలు మూలన పడి ఉన్నా లోపల తూటాగానీ, మందుగానీ ఉండిపోవచ్చు. పాత తూటా ఎప్పుడెలా ప్రవర్తిస్తుందో చెప్పలేం. పిల్లల్ని గదిలోంచి పంపించేయండి. గొట్టం ఎవరివైపూ తిప్పకండి. ట్రిగ్గర్ జోలికి వెళ్ళకండి. "ఒక్కసారి నొక్కి చూద్దాం" అనే మరిది చేతికి అస్సలు ఇవ్వకండి. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.

ఎవరిది?

సందూకలోనే ఇంకాస్త వెతకండి. లైసెన్సు పుస్తకం దొరికితే సగం బరువు దిగినట్టే. అందులో తయారీదారు పేరు, బోరు, తుపాకీ మీది నెంబరు రాసి ఉంటాయి. ఆ నెంబరు, వస్తువు మీది నెంబరు ఒకటేనా అన్నది సరిచూడాలి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. లైసెన్సు ఆస్తి కాదు, ఒక మనిషికి ఇచ్చిన అనుమతి. ఆ మనిషితోపాటే అదీ పోతుంది. మామగారి లైసెన్సు ఉంది కదా అని ఆయన పోయాక కొడుకు తుపాకీ దగ్గర ఉంచుకుంటే చట్టం ఒప్పుకోదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లోగానీ, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరగానీ అప్పగించి రశీదు తీసుకోవాలి. అప్పగించినంత మాత్రాన పోగొట్టుకున్నట్టు కాదు. గడువులోగా వారసులు తమ పేరున లైసెన్సు తెచ్చుకుని వెనక్కి తీసుకోవచ్చు. లేదంటే అర్హులైనవారికి అమ్ముకోవచ్చు. ఏదీ చేయకుండా గడువు దాటిపోతేనే అది ప్రభుత్వపరమవుతుంది.

అసలు కాగితమే లేకపోతే? అప్పుడు దాన్ని సంచిలో వేసుకుని బయల్దేరకండి. వస్తువు కదపకుండా, ఒక వకీలు సలహాతో స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా దొరికిందో రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 2019 సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఉంచుకున్నా రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా పడొచ్చు. "ఎవ్వరికి చెప్పకు" అన్న అత్తమ్మ మాట ఇంటిని కాపాడదు, ఇంకా ఇరకాటంలో పడేస్తుంది.

"వందేళ్ళ నాటిది కదా, చట్టం వర్తించదట" అని చెప్పేవాళ్ళూ ఉంటారు. అది సగం నిజం. పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉంది. అయితే రిపేరు చేసినా సరే తుపాకీగా పనికిరానిదైతేనే ఆ మినహాయింపు. ఎంత పాతదైనా, బాగుచేస్తే పేలేదానికి లైసెన్సు కావాల్సిందే. పనికొస్తుందో రాదో మనం తేల్చుకునేది కాదు, నిపుణులు పరీక్షించి చెప్పాలి.

లైసెన్సు కోసం ఎక్కడికి వెళ్ళాలన్నదీ ఊరిని బట్టి మారుతుంది. జనగామ వరంగల్ పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉంది కాబట్టి అక్కడివాళ్ళకు కమిషనర్ కార్యాలయం. మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్ళకు జిల్లా కలెక్టరేట్.

కూతురికి హక్కు లేదా?

తుపాకీ అనగానే "పెద్దకొడుకుకే" అనేస్తారు. చట్టంలో అలాంటి మాట లేదు. లైసెన్సుదారు పోయాక చట్టబద్ధమైన వారసులు ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. భార్య పెట్టుకోవచ్చు, కూతురూ పెట్టుకోవచ్చు. 21 ఏళ్ళు నిండి ఉండాలి, పోలీసు విచారణ ఉంటుంది. మిగతా వారసుల సమ్మతి కాగితాలు జతచేస్తే తర్వాత పేచీలుండవు. ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నది 2019 సవరణ. వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది. 2016 ఆయుధ నిబంధనల్లో ఇంకో వీలుంది. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకీ 25 ఏళ్ళుగా ఆయన దగ్గరున్నా, బతికుండగానే వారసుల్లో ఒకరికి ఇప్పించొచ్చు. ఇంట్లో పెద్దాయన ఉన్నప్పుడే ఈ మాట కదపడం మంచిది.

మరొక్క సంగతి. లైసెన్సు ఒకరి పేరునే ఉన్నా, వస్తువు విలువ అందరిదీ. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం కింద భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు ఆయన ఆస్తిలో సమాన వాటా. పిస్తోలు తమ్ముడు ఉంచుకున్నా, దాని ఖరీదులో అక్క వాటా అక్కదే.

ఎప్పటిది?

వస్తువు చట్టప్రకారం భద్రంగా ఉన్నాక వయసు సంగతి చూడొచ్చు. ముందుగా పేల్చే పద్ధతి చూస్తారు. చెకుముకి రాయి బిగించే అమరిక ఉంటే పాతకాలపు పద్ధతి. చిన్న రాగి టోపీ మీద సుత్తి పడే పద్ధతి 1830ల, 1840ల నుంచి చెకుముకిని పక్కకు నెట్టింది. తూటా తనంతట తానే ఎక్కే పిస్తోళ్ళు 1890లలోగానీ రాలేదు. అయితే పాత పద్ధతి తుపాకులు పల్లెల్లో చాలాకాలం తయారవుతూనే వచ్చాయి. అందుకని పద్ధతి ఒక్కటే సాక్ష్యం కాదు.

తర్వాత ముద్రలు. ఈస్టిండియా కంపెనీ తుపాకుల మీద మొదట హృదయాకారపు గుర్తు ఉండేది, 1808 నుంచి సింహం గుర్తు వచ్చింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తుపాకీ గొట్టాలు పరీక్షించి ముద్ర వేసే సంస్థ 1813లో ఏర్పడింది. ఆ కిరీటం ముద్ర ఉంటే అంతకుముందుది కాదన్నమాట. వెబ్లీ అండ్ స్కాట్ అన్న పేరుంటే 1897కు ముందుది కాదు. మన దేశపు ప్రభుత్వ ఫ్యాక్టరీ తుపాకీ మీద మూడు సింహాల గుర్తుంటే అది స్వాతంత్ర్యం వచ్చాక చేసింది.

ఈ లెక్కలు ఇంటి కథల్ని కూడా పరీక్షిస్తాయి. జనగామ ప్రాంతంలో ఏ పాత తుపాకీ చూసినా "సాయుధ పోరాటం నాటిది" అంటారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ కాల్పులకు బలైన నేల కదా, ఆ కథకు బలం ఎక్కువ. పోరాట విరమణ 1951 అక్టోబరులో జరిగింది. మీ పిస్తోలు మీద మూడు సింహాల గుర్తుందంటే, అది గడీల కాలంనాటి పాత వస్తువన్న మాట నిలబడదు. బాధపడక్కర్లేదు. తాత దాన్ని ఎందుకు కొన్నాడన్న కొత్త కథ దొరుకుతుంది.

చింతపండుతో తోమకండి!

ఇత్తడి కనపడగానే చింతపండు, పీతాంబరి తీయడం మన అలవాటు. ఇక్కడ మాత్రం వద్దు. ఇసుక కాగితం, నిమ్మచెక్క, పాలిష్ ఏవీ వద్దు. గట్టిగా రుద్దితే వయసు చెప్పే ముద్రలే చెరిగిపోతాయి. పిడికి కొత్త వార్నిష్ పూస్తే విలువ పడిపోతుంది. నెంబరు గీకేశారో, అదే ఒక నేరం. ఊళ్ళో కమ్మరి దగ్గర బాగుచేయించడం కూడా చట్టం ఒప్పుకోని పని.

ఎంతది?

బంగారానికి ఉన్నట్టు దీనికి రోజువారీ ధర లేదు. మన దేశంలో కొనేవాళ్ళు లైసెన్సుదారులో, డీలర్లో అయి ఉండాలి. లైసెన్సుదారు ఇంకో లైసెన్సుదారుకు అమ్మాలన్నా ముందుగా అధికారులకు రాసిచ్చి 45 రోజులు ఆగాలి. విదేశాల వేలం ధరలు చూసి ఆశపడటమూ దండగే. వందేళ్ళు దాటిన పురావస్తువును 1972 చట్టం ప్రకారం సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు.

మరి విలువ దేనిలో ఉంది? పారిస్‌లో 2019లో తుప్పుపట్టిన ఒక రివాల్వర్‌ను 1,62,500 యూరోలకు కొన్నారు. అది పేలదు. చిత్రకారుడు వాన్‌గో తనను తాను కాల్చుకున్నది దానితోనేనని నమ్ముతారు, అంతే. నెపోలియన్ ఒక ఆప్తుడికి ఇచ్చిన రెండు పిస్తోళ్ళు ఆ కుటుంబంలో తరతరాలుగా ఉండి, 2024 జూలైలో దాదాపు 17 లక్షల యూరోలు పలికాయి. అమ్మకానికి ముందే ఫ్రాన్స్ వాటిని జాతీయ సంపదగా ప్రకటించింది. అక్కడ ధర పలికింది ఇనుముకు కాదు, ఎవరిదో చెప్పే ఆధారాలకు.

మన తాత నెపోలియన్ కాకపోవచ్చు. అయినా సూత్రం అదే. లైసెన్సు పుస్తకం, కొన్న రశీదు, పిస్తోలుతో తాత దిగిన ఫోటో ఉంటే ఒక్కచోట చేర్చండి. అత్తమ్మకు తెలిసిన కథను ఆమె మాటల్లోనే, తేదీ వేసి రాయించండి. ఆమె పోతే ఆ కథ మళ్ళీ దొరకదు. ఇంట్లో ఎవరికీ లైసెన్సు తీసుకునే ఉద్దేశం లేకపోతే, అధికారుల ద్వారా మ్యూజియానికి ఇవ్వగలమేమో అడిగి చూడండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలకు ప్రత్యేకంగా ఒక గదే ఉంది.

లైసెన్సు వచ్చినా, రాకపోయినా స్టేషన్ ఇచ్చిన రశీదు, తాత ఫోటో, అత్తమ్మ చెప్పిన కథ... ఈ మూడూ ఆ సందూకలో ఉంటాయి. వాటిని పిల్లలు ఎప్పుడైనా తీసి చూసుకోవచ్చు. భయం లేదు.