ఎనిమిది దీపాలున్నాయి... బ్రేకేదీ?

హీరోగారు జీపు దిగే సీను మీరు ఎన్నిసార్లు చూసి వుంటారు? దుమ్ము లేస్తుంది. చక్రం ఆగుతుంది. ముందు బూటు, తర్వాత నల్లకళ్ళద్దాలు... హాల్లో యీలలే యీలలు! బాగానే వుంది. కాని ఆ జీపును కొండలూ వాగులూ దాటించి లొకేషన్‌కు చేర్చిన డ్రైవరుగారిని ఎప్పుడైనా తలుచుకున్నారా? యీ వారం కథ ఆయనదే. ఆయనదీ, ఆయన కొడుకుదీ, వాళ్ళ పాత ఫోర్ వీల్ పికప్ బండిదీ!

మా యూసుఫ్‌గూడ సంగతి మీకు తెలియంది కాదు. హైదరాబాదులోనే పూర్తిగా తయారై 1959లో విడుదలైన ‘మా ఇంటి మహాలక్ష్మి’కి పుట్టిల్లయిన సారథీ స్టూడియో ఒకవేపు, 1976లో ప్రారంభమైన అన్నపూర్ణా స్టూడియో యింకోవేపు, మధ్యలో జూనియర్ ఆర్టిస్టుల కృష్ణానగర్. తెల్లవారుజామున ఏ టీకొట్టు ముందు నిలబడ్డా యూనిట్ బళ్ళే! లైట్లబండి, జనరేటరు బండి, కాస్ట్యూమ్స్ బండి...

అలాంటి బళ్ళు తోలిన పెద్దాయన ఒకరు మా వీధి చివర వుంటారు. మద్రాసు వడపళని రోజుల్లో స్టీరింగు పట్టిన మనిషి. పరిశ్రమ హైదరాబాదు వచ్చేస్తుంటే సామాన్లతోపాటు తనూ వచ్చేశారు. “పేరు మాత్రం రాయకు బాబూ” అన్నారు. సరే, పెద్దాయన అనే పిలుచుకుందాం. రిటైరయ్యే ముందు ఆయన ఓ పాత డీజిల్ పికప్ కొనుక్కున్నారు. నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే రకం. చాలా ఏళ్ళు రిఫ్లెక్టర్లూ, లైటు స్టాండ్లూ మోసింది. తర్వాత యింటిముందు వేపచెట్టు కింద నిలబడిపోయింది. దానిమీద పిల్లలు దాగుడుమూతలాడేవాళ్ళు, కోళ్ళు గుడ్లు పెట్టేవి!

హాలీవుడ్ హీరో కల

పెద్దాయన కొడుకు ఒక కెమెరా యూనిట్‌లో అసిస్టెంటు. ఓ రాత్రి 1985 నాటి హాలీవుడ్ చిత్రం ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ చూశాడు. మన ‘ఆదిత్య 369’ 1991లో వచ్చింది కనుక కాలంలో ప్రయాణం మనకి కొత్త కాదనుకోండి. మనవాడి కన్ను టైమ్ మిషన్ మీద లేదు! ఆ సినిమా కుర్ర హీరో మనసు పడ్డ నల్లటి టయోటా పికప్ మీద పడింది. తొట్టిలో వంచిన పైపు, పైపు మీద వరసగా దీపాలు, బండెక్కి సరస్సు దగ్గరకి వెళ్ళి నక్షత్రాల కింద పడుకోవాలనే ఆ హీరో ఆశ. పొద్దున్నే మావాడు వేపచెట్టు కింద నిలబడి కోళ్ళను తోలేశాడు.

కొత్త ఫోర్ వీల్ పికప్‌లు లేవా అంటే వున్నాయి. శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయి. టయోటా హైలక్స్ 2022లో మన దేశం వచ్చింది. కాని యిరవై లక్షలు దాటే బండి కెమెరా అసిస్టెంటుకి ఎక్కడ అందుతుంది? అందుకే యింట్లో వున్న పాతదానికే కొత్త వేషం వెయ్యాలనుకున్నాడు.

వేశాడు కూడా! నల్లరంగు కొట్టించాడు. తొట్టిలో పైపు వంచి వెల్డింగు చేయించాడు. పైన ఎనిమిది ఎల్.ఇ.డి. దీపాలు. తన నాలుగు నెలల జీతం దానికే పోసేశాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. సెల్ఫీలు దిగింది. పెద్దాయన ఒక్కరే బండి చుట్టూ ఓసారి తిరిగి, “బాగుందిరా” అని లోపలికెళ్ళిపోయారు. ఆ “బాగుందిరా”లో ఏదో తక్కువగా వినిపించింది నాకు.

అనంతగిరి దిగుడు

మొదటి షికారు వికారాబాద్ అనంతగిరి కొండలకి. అక్కడే మూసీనది పుట్టింది. హైదరాబాదు నుంచి సుమారు 75 కిలోమీటర్లు. మర్రిచెట్లకు పేరుపడ్డ చేవెళ్ల దారిలో బండి హుషారుగా పోయింది. క్యాబిన్‌లో మావాడూ నేనూ. కొండెక్కాం, అనంత పద్మనాభస్వామి గుడి చూశాం, టీ తాగాం. చీకటి పడుతుండగా దిగడం మొదలెట్టాం. సన్నగా వాన.

మావాడు మూడో గేరులో దిగుతూ బ్రేకు మీదనుంచి కాలు తియ్యలేదు. రెండు మలుపులు తిరిగేసరికి మాడిన వాసన. మూడో మలుపులో పెడలు తొక్కితే మెత్తగా కిందిదాకా వెళ్ళిపోయింది. “అన్నా, బ్రేకు లేదు!” అన్నాడు. ఆ గొంతు యిప్పటికీ నా చెవిలో వుంది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, రోడ్డుపక్క మట్టిగట్టుకి బండిని రాపించాడు. రాసుకుంటూ రాసుకుంటూ ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. తలుపు మాత్రం లోపలికి నొక్కుకుపోయింది. దిగి చూస్తే ఎదురుగా చీకటి లోయ. ఆ లోయమీదికి ఎనిమిది దీపాలూ ధగధగా వెలుగుతూనే వున్నాయి!

బ్రేకు చల్లారేదాకా అక్కడే కూర్చుని, మొదటి గేరులో పాక్కుంటూ దిగాం. మర్నాడు పెద్దాయన తిట్టలేదు. కొట్టలేదు. స్పానరు తీసుకుని పైకెక్కి ఎనిమిది దీపాలూ తనే విప్పారు. వాటిని అమ్మిన డబ్బు కొడుకు చేతిలో పెట్టి, “యిది బ్రేకులకి” అన్నారు. అంతే!

ఉస్తాద్ పాఠశాల

ఆ డబ్బు పట్టుకుని బండిని యూసుఫ్‌గూడలోనే ఓ షెడ్డుకి తీసుకెళ్ళాం. అక్కడి ఉస్తాద్ సుత్తి తీసుకుని బండి కింద దూరాడు. ఛాసీ పొడుగునా టంగ్ టంగ్‌మని కొట్టుకుంటూ పోయాడు. గట్టి యినుము గంటలా మోగుతుంది, తుప్పు తిన్న చోట చప్పుడు చచ్చిపోతుంది. “బేటా, పౌడరు తర్వాత. ముందు నాడి చూడాలి” అన్నాడు.

మొదట బ్రేకుల సంగతి చూశాడు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే నీళ్ళు చేరిపోతాయి. దిగుడులో డ్రమ్ములు వేడెక్కినప్పుడు ఆ నీరు మరిగి ఆవిరవుతుంది. ఆయిలు నొక్కితే నొక్కుడు చక్రానికి చేరుతుంది. ఆవిరి నొక్కితే అదే నలిగిపోతుంది. పెడలు కిందికి పోవడం అందుకే! రెండేళ్ళకోసారి ఆయిలు మార్చడం, ఎక్కిన గేరులోనే దిగడం... యీ రెండూ తెలిస్తే మాకు ఆ రాత్రి తప్పేది. కొత్త షూలు, వీల్ సిలిండర్లు, గొట్టాలు పడ్డాయి.

తర్వాత కమాన్లు. ఒక పట్టీ విరిగి వుంది, మార్చారు. “వీటిని నాలుగంగుళాలు పైకెత్తించనా?” అని మావాడడిగాడు. ఉస్తాద్ నవ్వాడు. కమాన్లు ఎత్తితే ఛాసీ లేస్తుంది గాని, యిరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ అక్కడే వుంటుంది. రాయికి తగిలేది మొదట అదే! పైగా ఎత్తు పెరిగినకొద్దీ బండి మలుపులో తిరగబడే ప్రమాదం పెరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారుతుంది, బ్రేకు గొట్టాలు చాలవు. సరిగ్గా కంపెనీ సైజులోనే, లోతైన గాళ్ళున్న టైర్లు వేయించాడు. టైరు సైజు పెంచితే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుందని కూడా చెప్పాడు.

తొట్టిలో వెల్డింగు చేసిన పైపు? కోసేయించాడు. అది పల్చటి రేకుకే అతికి వుంది, ఛాసీకి కాదు. బండి పల్టీ కొడితే అది ఎవర్నీ కాపాడదు. వట్టి అలంకారం!

రెండో గేరు కర్ర మర్మం

ఫోర్ వీల్ బండిలో రెండో చిన్న గేరు కర్ర వుంటుంది చూశారూ, మావాడు దాన్ని ఏనాడూ కదపలేదు. అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆయిలు మార్చి కదిలించాక ఉస్తాద్ పాఠం చెప్పాడు.

యిలాంటి పాత బళ్ళలో ఫోర్ వీల్ వేస్తే ముందు యిరుసూ వెనక యిరుసూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో, యిసుకలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద జారదు, గేర్లు బిగుసుకుని విరుగుతాయి. కాబట్టి తారు మీద ఫోర్ వీల్ వద్దు. యిక ‘లో’ అనేది పరుగుకి కాదు, బలానికి. పాత విల్లీస్ జీపుల్లో అది చక్రాల బలాన్ని సుమారు రెండున్నర రెట్లు చేసేది. వేగం ఆ మేరకు తగ్గుతుంది. మహీంద్రా వారు 1947లో మన దేశంలో విల్లీస్ జీపుల బిగింపు మొదలెట్టిన నాటినుంచీ మన పాత డ్రైవర్లకి యిది వెన్నతో పెట్టిన విద్య. కొండ దిగేటప్పుడూ అదే కాపాడుతుంది. ఇంజినే బ్రేకు పని చేస్తుంది.

యిల్లు కట్టి చూడు... తొట్టిలో!

యిప్పుడు కాంపింగు ముచ్చట. తొట్టిలో చెక్కపెట్టె ఒకటి చేయించాం. నాలుగు బోల్టులు విప్పితే యిద్దరు మనుషులు దించెయ్యొచ్చు. పెట్టెలో స్టవ్వు, గిన్నెలు, తాళ్ళు, పార, జాకీ, జాకీ కింద వేసే పలక. పెట్టె మీద పరుపు. పైన టార్పాలిన్. నీళ్ళ క్యాన్లు రెండు, ఒక్కోటి 20 లీటర్లు. అంటే నీళ్ళే 40 కిలోలు! బరువంతా కిందా, క్యాబిన్‌కి దగ్గరగా వుండాలి. టాపు మీద ఎక్కిస్తే బండి తాగుబోతులా వూగుతుంది.

దీపానికి రెండో బ్యాటరీ విడిగా పెట్టాం. లేకపోతే రాత్రంతా దీపం వెలిగించి పొద్దున్నే స్టార్టు కాక తొయ్యాల్సొస్తుంది. లాగే తాడు తగిలించే కొక్కెం బంపరుకి కాదు, ఛాసీకి బిగించాలి. తాడు తెగితే కొరడాలా వస్తుంది. కనుక మధ్యలో తడిగోనె వెయ్యాలి, జనం దూరంగా నిలబడాలి.

అన్నట్టు, మరొక్క మాట, ప్రాణానికి సంబంధించింది. టార్పాలిన్ మూసేసి లోపల స్టవ్వుగాని బొగ్గుల కుంపటిగాని పెట్టుకుని పడుకోకండి. ఇంజిను ఆన్‌లో వుంచి అసలే పడుకోకండి. ఆ విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే తీసుకుపోతుంది.

చట్టంగారి క్లోజప్

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించినదానికీ ఆర్సీ వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా యీ మాటే గట్టిగా చెప్పింది. ముందు బిగించే లావుపాటి యినుప గార్డులు కూడదని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. సరుకుల బండిగా రిజిస్టరైతే నడిచేటప్పుడు తొట్టిలో మనుషులు కూర్చోకూడదు. పాత బండికి ఫిట్‌నెస్ తప్పనిసరి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా చక్రం పెట్టడమూ నేరమే. తెరమీద హీరో వాగులోంచి దూసుకుపోతాడు, నిజమే. కాని షాటుకి ముందు ఆ వాగులోకి ఎవరో నడిచివెళ్ళి లోతు చూసి వస్తారు! ఇంజినులోకి నీళ్ళు పోతే కనెక్టింగ్ రాడ్లే వంగిపోతాయి మరి.

మా బండికి బోల్టులు విప్పితే దిగిపోయే పెట్టె పెట్టింది అందుకే. అది సామాను. బండి మాత్రం అదే బండి.

మళ్ళీ అనంతగిరి

వానలు వెనకపట్టాక మళ్ళీ బయల్దేరాం. యీసారి పెద్దాయన క్యాబిన్‌లో మధ్యన. కొండకి యివతల వారి స్నేహితుడి మామిడితోట వుంది. అడిగి, ఒప్పించుకుని వెళ్ళాం. తోటకి ముందు నల్లరేగడి. వెనక చక్రాలు దిగబడిపోయాయి. మావాడు యాక్సిలరేటరు తొక్కబోతే పెద్దాయన అతని మోకాలి మీద చెయ్యి వేశారు. దిగి, టైర్లలో గాలి 35 నుంచి 20కి దించాం. గాలి తగ్గితే టైరు పరుచుకుని నేలని ఎక్కువ మేర పట్టుకుంటుంది. ఫోర్ వీల్, లో గేరు, క్లచ్చు మెల్లిగా... బండి నిద్రలేచిన ఏనుగులా కదిలింది. తారురోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి పట్టించడం మర్చిపోలేదనుకోండి.

రాత్రి గంజిలో పచ్చిమిరపకాయ నంజుకున్నాం. దీపం ఒక్కటే, చిన్నది. పెద్దాయన తొట్టిలో పరుపు మీద వెల్లకిలా పడుకున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయారనుకున్నాం.

“నలభై ఏళ్ళు బళ్ళలోనే పడుకున్నానురా” అన్నారు చివరికి. “ఎప్పుడు షాటు రెడీ అంటారో, ఎప్పుడు బండి తియ్యమంటారో అని చెవి తెరుచుకునే పడుకున్నా. యివాళ ఎవరూ పిలవరు గదా!”

కొడుకు జవాబు చెప్పలేదు. లేచి వెళ్ళి చక్రాల కింద రాళ్ళు సరిగ్గా వున్నాయో లేదో చూసి వచ్చాడు.

మీ యింటిముందు కూడా ఏ చెట్టు కిందో ఓ పాత బండి నిలబడి వుందా? రంగు డబ్బా కొనకముందు ఒక్కసారి ఎక్కి, బ్రేకు పెడలు తొక్కి చూడండి. గట్టిగా నిలబడితే... శుభం! మీ సినిమా మొదలెట్టుకోవచ్చు.