నడుం నొప్పా? వ్యాయామం ఎంచి చేయండి

నడుం పట్టేసిందనగానే కొందరు మంచమెక్కి వారం రోజులు దిగరు. మరికొందరు ఒళ్ళు వంచితేనే నొప్పి పోతుందని తెల్లవారగానే లేచి కాలివేళ్ళు అందుకోబోతారు. రెండూ పొరపాటే.

ఫిన్లాండ్ వైద్యులు హెల్సింకీ నగర ఉద్యోగులపై జరిపి 1995లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కొత్తగా నడుం నొప్పి వచ్చినవారిలో కొందరిని రెండు రోజులు పడుకోమన్నారు. కొందరిచేత వ్యాయామాలు చేయించారు. మిగిలినవారిని ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకోమన్నారు. త్వరగా కోలుకున్నది ఈ చివరివారే. మంచం పట్టినవారు అందరికన్నా ఆలస్యంగా కోలుకున్నారు!

కనుక నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి రోజుల్లో మీకు తగిన వ్యాయామం నడకే. పది నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు నడవండి. నొప్పి తగ్గుముఖం పట్టాక ఈ మూడూ మొదలుపెట్టండి.

1. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. పొట్ట బిగించి నడుమును నేలకు మెల్లగా అదమండి. అయిదు లెక్కపెట్టి వదలండి.

2. అలాగే పడుకుని పిరుదులను నెమ్మదిగా పైకెత్తి దించండి.

3. చేతులు, మోకాళ్ళు నేలకు ఆనించి, కుడి చేతిని ముందుకు, ఎడమ కాలిని వెనక్కు చాపండి. తరువాత రెండో వైపు చేయండి.

ఒక్కొక్కటి అయిదుసార్లతో ప్రారంభించండి. ఊపిరి బిగబట్టకండి.

కాళ్ళు చాపి పడుకుని లేచి కూర్చోవడం, రెండు కాళ్ళూ కలిపి ఎత్తడం, నిలబడి వంగి పాదాలు తాకడం ప్రస్తుతానికి మానండి. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే నిద్ర లేచిన మొదటి గంటలో వంగితే వాటిపై ఒత్తిడి ఎక్కువ. పొద్దున్నే వాకిలి ఊడ్చే గృహిణులు పొడుగు కర్ర చీపురు వాడడం మేలు.

వ్యాయామం మీకు సరిపడిందో లేదో ఎలా తెలుస్తుంది? నొప్పి ఎటు పోతున్నదో గమనించండి. పిరుదు నుంచి కాలిలోకి దిగుతుంటే వెంటనే ఆపండి. కాలిలోని నొప్పి పైకి, నడుము వైపు వస్తుంటే అది మంచి గుర్తు.

మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పడిపోతున్నా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, కాలిలో బలం తగ్గినా ఒక్క రోజు కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా ముందు డాక్టరుకు చూపించుకోండి. వ్యాయామం సంగతి ఆ తరువాత!