ప్రధాన సంఖ్యే.. మీ ప్రోగ్రామ్ కాదంటుంది!

'ఇచ్చినది ప్రధాన సంఖ్యో కాదో చెప్పే ప్రోగ్రామ్ రాయండి.' క్యాంపస్ కోడింగ్ రౌండ్లలో తరచూ కనిపించే ప్రశ్న ఇది. 'ఓస్, ఇంతేనా!' అంటూ ఐదు నిమిషాల్లో రాసేస్తారు. 7 ఇస్తే అవునంటుంది, 9 ఇస్తే కాదంటుంది. సరే, ఓసారి 214,74,83,647 ఇచ్చి చూడండి.

ఏమిటీ సంఖ్య?

31 రెళ్లను గుణించి, 1 తీసేస్తే వచ్చేదే ఇది. ఇలా వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. వాటిలో ఇది ఎనిమిదోది. 31 ప్రధాన సంఖ్య కాబట్టి ఇదీ ప్రధానమే అనుకుంటే పొరపాటే. 11 రెళ్లను గుణించి 1 తీస్తే 2047. అది 23, 89ల లబ్ధం! అందుకే పరీక్షించక తప్పదు.

ఆయిలర్ 1772లో ఆ పని చేశారు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. ఈ సంఖ్యకు భాజకం ఉంటే 46,340 లోపు ఒకటి దొరకాలి. పైగా దాన్ని 248తో భాగిస్తే శేషం 1 లేదా 63 రావాలి. ఈ తర్కంతో చాలా సంఖ్యలను వదిలేసి, మిగిలిన వాటితోనే సరిచూశారు.

తప్పు ఎక్కడ?

జావాలో 'ఇంట్' 32 బిట్లు. ఒకటి గుర్తుకు పోతే మిగిలేవి 31. అంటే అందులో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా ఇదే. మీ లూప్‌లో షరతు 'ఐ × ఐ ≤ ఎన్' కదా? ఐ విలువ 46,341 కాగానే దాని వర్గం 214,74,88,281. హద్దు దాటింది! దాంతో విలువ రుణాత్మకంగా మారుతుంది. రుణ సంఖ్య ఎన్ కన్నా చిన్నదే కాబట్టి లూప్ ఆగదు. ఆ తర్వాతా అంతే. ఇంట్‌లో ఎన్‌ను మించిన విలువే ఉండదాయె! చివరికి ఐ పెరిగి పెరిగి ఎన్ దగ్గరికే చేరుతుంది. తనను తాను భాగించుకుంటే శేషం సున్నా. 'ప్రధాన సంఖ్య కాదు' అని జవాబొస్తుంది. సీ, సీ++లలోనైతే ఏం జరుగుతుందన్న హామీ కూడా లేదు.

సరిచేయడం సులువే

షరతును 'ఐ ≤ ఎన్ / ఐ' అని మార్చండి. లేదా గుణించే ముందే 'లాంగ్'లోకి మార్చుకోండి. బైనరీ సెర్చ్‌లోనూ రెండు హద్దులను నేరుగా కూడి సగం చేస్తే ఇదే ప్రమాదం. పై హద్దులోంచి కింది హద్దు తీసి, సగం చేసి, కింది హద్దుకు కలపండి.

ఇది పరీక్షల గొడవే కాదు. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కించే పాత వ్యవస్థలు 2038 జనవరి 19న మన సమయం ఉదయం 8:44:07కి ఈ సంఖ్యనే చేరతాయి. మరుసటి సెకనుకు వాటి తేదీ 1901కి వెళ్లిపోతుంది. వాటిని సరిచేసే ఉద్యోగం మీదే కావచ్చు!

ఇకపై కోడ్ సమర్పించే ముందు 0, 1, 2తోపాటు ఈ సంఖ్యనూ ఇచ్చి చూడండి. ఇంటర్వ్యూలో మీరే ముందుగా 'సార్, ఇక్కడ ఓవర్‌ఫ్లో రావచ్చు' అన్నారంటే, మిగతావారికన్నా ఒక మెట్టు పైనున్నట్టే.