ఒక ఫ్రెంచి మాట – యానాము కథ

గౌతమీ గోదావరి సముద్రమును చేరబోవు తావున, కోరంగి పాయ చీలుచోట, యానాము అను చిన్న పట్టణము కలదు. దాని విస్తీర్ణము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టును ఆంధ్రప్రదేశమే యైనను, అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. 18వ శతాబ్ది మొదలు 1954 వరకు, నడుమ కొంతకాలము ఆంగ్లేయుల చేజిక్కినను, అది ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటయే ఇందుకు కారణము.

యానాము వంటి స్థలమును ఫ్రెంచివారు ‘కొంత్వార్’ అనిరి. ఈ మాటను ఇంగ్లీషులోనికి మార్చుట తోచినంత సులభము కాదు. లెక్కించుట అను అర్థము గల క్రియనుండి ఇది పుట్టినది. వర్తకుడు డబ్బు లెక్కించు బల్లకు మొదట ఈ పేరుండెను. బల్ల పేరు అంగడికిని, పిదప దూరదేశమున వర్తకులు నెలకొల్పిన స్థావరమునకును వచ్చినది. నిఘంటువును మాత్రమే నమ్మి ‘కౌంటరు’ అని వ్రాసినచో, చదువరికి టిక్కెట్టులమ్ము కిటికీ తోచును గాని గోదావరి యొడ్డున నున్న ఊరు తోచదు.

పూర్వము ఆంగ్లేయులు తమ స్థావరములను ‘ఫ్యాక్టరీ’ అనిరి. యానాము చేరువనున్న ఇంజరములో వారికట్టి ఫ్యాక్టరీ యుండెడిది. ఫ్యాక్టరు అనగా కంపెనీ తరపున క్రయవిక్రయములు జరుపు ప్రతినిధి. అతడుండు తావే ఫ్యాక్టరీ. అచట యంత్రములు లేవు. నేతవారు తమ ఇండ్లలో నేసిన బట్టలను కొని, మూటలు కట్టించి, ఓడల కెక్కించెడివారు. దీనిని నేడు కర్మాగారమని తెలిగించినచో, లేని పొగగొట్టములు కన్నులకు కట్టును.

వర్తకస్థానమని చెప్పిన సరిపోదా? 18వ శతాబ్దికి సరిపోవును. 20వ శతాబ్దికి చాలదు. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1929లో పుట్టి, 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. ఫ్రెంచి నేలపై ఆ చట్టము చెల్లదు. అందుచే చుట్టుపట్ల జిల్లాలవారు పలువురు పసిపిల్లలను యానామునకు గొనిపోయి పెండ్లిండ్లు చేసిరి. అంగడిలో అడుగిడినంతనే చట్టము తప్పిపోవునా? యానాము అప్పటికి అంగడి కాదు. వేరు శాసనములు గల పరరాజ్యపు నేల. వర్తకస్థానమని మాత్రమే వ్రాసినచో, ఆ పసిబాలికలకు జరిగిన అన్యాయ మెట్లు సాధ్యమైనదో పాఠకునకు బోధపడదు. 1956 నాటి అప్పగింత సంధిలో ‘కొంత్వార్’ అని వ్రాయలేదు; స్థాపిత ప్రాంతములను అర్థమిచ్చు మాటనే వాడిరి. 1962లో ఆ సంధి ఆమోదము పొందినది.

మాటయొక్క అర్థము నేలపై హక్కును కూడ తేల్చగలదు. 1669లో గోలకొండ సుల్తాను అనుమతితో ఫ్రెంచివారు మచిలీపట్నమున వర్తకము సాగించిరి. కాలక్రమమున అచట వారికి మిగిలిన చిన్న స్థలమును ‘లోజ్’ అనిరి. గుడిసె, కావలివాని గది, నాటకశాలలోని ప్రత్యేకపు అర అని ఈ మాటకు అర్థములు. ఇంగ్లీషున ఇదియే ‘లాడ్జి’. నేడు మనకు లాడ్జి యనగా అద్దెగదులు! ఈ లోజులు వర్తకులకిచ్చిన ఇండ్లు మాత్రమేనా, ఫ్రాన్సు రాజ్యపు తునకలా అను విషయమున ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని చిరకాలము భేదాభిప్రాయముండెను. ఇల్లనినచో ఒకరి వాదము బలపడును. నేల యనినచో రెండవవారిది బలపడును. తుదకు 1947 అక్టోబరులో ఫ్రాన్సు ఈ లోజులను భారతదేశమున కప్పగించినది. మచిలీపట్నమున ఫ్రెంచిపేట అను పేరు నిలిచియున్నది.

కావున పాతమాటను అనువదించువాడు మొదట అది ఏ సంవత్సరమున వ్రాయబడినదో చూడవలెను. ఆ తావున ఎవరు ఏమి చేయుచుండిరో, ఎవరి చట్టము చెల్లుచుండెనో తెలిసికొనవలెను. పిదపనే మాటను ఎన్నుకొనవలెను. తగిన మాట దొరకనిచో, మూలపదమునే యుంచి, దాని అర్థమును రెండు వాక్యములలో వివరించుట మేలు.