నడుస్తూ నగరాన్ని ఫొటో తీయడం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. కానీ ఆ విషయం ఏటా ఎవరో ఒక అన్న రాస్తూనే ఉన్నాడు. డిగ్రీ రోజుల నుండి నాకు అలవాటైన పని ఇంకొకటి ఉంది. పాత ఊళ్ళలో కాలినడకన తిరుగుతూ ఫొటోలు తీయడం. నా దగ్గర కెమెరా లేదు. మూలన గీత పడిన సెల్‌ఫోన్ ఒకటి ఉంది. దానితో ఏం చేయవచ్చో, ఎక్కడెక్కడ పొరపాట్లు జరుగుతాయో తమ్ముళ్ళకు చెబుదామని ఈ వ్యాసం.

ముందు ఒక పాత ఫొటో సంగతి. 1838లో పారిస్ నగరంలో డాగేర్ అనే ఆయన ఎత్తయిన కిటికీలోంచి కింది వీధిని ఫొటో తీశాడు. అది బండ్లతో, జనంతో కిటకిటలాడే వీధి. ఫొటోలో మాత్రం ఖాళీగా కనబడుతుంది. ఆ రోజుల్లో పలక మీద బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుతురు తగలాలి. అంతసేపట్లో కదిలిపోయిన వాటి గుర్తు మిగలదు. కదలకుండా ఒకచోట ఉన్న ఇద్దరే అందులో నిలిచారు. ఒకరు కాలు ముందుకు పెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి. రెండవవారు కింద కూర్చుని పాలిష్ చేస్తున్న మనిషి. మనుషులు కనబడే ఫొటోల్లో ఇప్పటికి దొరికినవాటిలో ఇదే మొదటిదని చెబుతారు. ఆ ఇద్దరి పేర్లూ ఎవరికీ తెలియవు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా తాత ఆర్మూరు అంగట్లో చెప్పులు కుట్టేవాడు. మా ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఓటరు గుర్తింపు కార్డు మీది మసక బొమ్మను స్టూడియోలో పెద్దది చేయిస్తే ముఖమంతా చుక్కలు చుక్కలుగా వచ్చింది. గోడకు తగిలించింది అదే. మనలో చాలామంది ఇళ్ళలో ఇదే కథ ఉంటుందని నాకు తెలుసు.

మన హైదరాబాదు పాత రూపం ఈనాడు మనకు కనబడుతోందంటే అందులో లాలా దీన్‌దయాళ్ పాత్ర చాలా ఉంది. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ విద్య చదివి, ఇండోరులో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. తర్వాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదు కూడా ఇచ్చాడు. రాజభవనాలు, దర్బారులు, వేటలు, కోటలు అన్నీ గాజు పలకల మీదికి ఎక్కాయి. 1899-1900 కరువులో ఔరంగాబాదు వైపు జరిగిన సహాయ పనుల ఫొటోలు కూడా ఆయన స్టూడియో తీసింది. రాజుగారి ఫొటోలో ఉన్నది ఎవరో చరిత్ర పుస్తకం చెబుతుంది. కరువు పనిలో వరుసగా ఉన్న కూలీలు ఎవరో ఏ పుస్తకమూ చెప్పదు.

ఇక పనిలోకి వద్దాం. నేర్చుకోవడానికి హైదరాబాదు దాకా పోనక్కరలేదు. మన ఆర్మూరు సిద్ధులగుట్ట చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ బండల మధ్య పొద్దున 7 గంటలకు ఒక ఫొటో, మధ్యాహ్నం 12 గంటలకు అక్కడి నుండే ఇంకొకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పొద్దున ఎండ పక్క నుండి తగిలి రాతి మీది ప్రతి గరుకూ నీడతో లేచి కనబడుతుంది. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదుగా పడి అంతా చదునుగా, వెలిసిపోయినట్టు ఉంటుంది. వెలుతురు గురించి ఏ పుస్తకం చెప్పినా ఇంతకంటే ఎక్కువ చెప్పదు.

మన వైపు ఇంకో ప్రత్యేక సమస్య ఉంది. జనవరి నుండి మార్చి దాకా పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్ళాల్లో ఆరబోసి, డ్రమ్ముల్లో వేసి తిప్పే కాలంలో గాలినిండా పసుపు దుమ్మే. ఫోన్ వెనుక అద్దం మీద అది పొరలా పట్టుకుని ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టు వస్తాయి. నేను నెల రోజులు ఫోన్ చెడిపోయిందనే అనుకున్నాను. మెత్తటి నూలు గుడ్డతో తుడిస్తే బాగయింది! చేతికున్న పసుపుతో తుడవకండి.

నిజామాబాదు ఖిల్లా రెండవ పాఠం. ఆర్మూరు నుండి బస్సులో గంటలోపే. 1905కు ముందు ఆ ఊరు పేరు ఇందూరు. గుట్ట మీది కోటలో రఘునాథాలయం ఉంది, ఒకప్పటి జైలు కూడా ఉంది. 1948లో దాశరథి కృష్ణమాచార్యులు గారిని, వట్టికోట ఆళ్వారుస్వామి గారిని నిర్బంధించింది ఆ జైల్లోనే. దాశరథి గారు బొగ్గుతో గోడ మీద కవిత్వం రాసింది అక్కడే. ఈ సంగతి తెలియకుండా పోతే పాత గోడ ఒకటి కనబడుతుంది. తెలిసి పోతే ఆ గోడ ముందు ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో మీకే తోస్తుంది. అందుకే పోబోయే ఊరి గురించి గ్రంథాలయంలో ఒక గంట చదివి పొమ్మంటాను.

హైదరాబాదు పాతబస్తీకి నా దారి ఇది. ఆర్మూరు నుండి బస్సులో జూబ్లీ బస్టాండు, అక్కడి నుండి మెట్రోలో మహాత్మాగాంధీ బస్టాండు. అక్కడితో వాహనాలు బంద్. అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మానియా ఆస్పత్రి వస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు 150 మందికి పైగా ప్రాణాలు కాపాడిన చింతచెట్టు ఆ ఆవరణలోనే ఉంది. చార్మినార్‌కు పరుగెత్తే వాళ్ళలో దాన్ని చూసేవాళ్ళు చాలా తక్కువ. నయాపూల్ దాటుతుంటే కుడివైపు హైకోర్టు గుమ్మటాలు, ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. మదీనా, పత్తర్‌గట్టీ మీదుగా గుల్జార్‌హౌజ్ చేరితే నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, వాటి మధ్య నీళ్ళ తొట్టి. దక్షిణం వైపు కమాన్ కింద నిలబడితే ఎదురుగా చార్మినార్. మొత్తం రెండు కిలోమీటర్ల చిల్లర. మేము ముగ్గురం మిత్రులం మొదటిసారి నడిచినప్పుడు నాలుగు గంటలు పట్టింది.

1591లో కట్టిన చార్మినార్ ముఖాలు సరిగ్గా నాలుగు దిక్కులకు ఉంటాయి. ఫొటో తీసేవాడికి ఇది వరం. తూర్పు ముఖం మీద పొద్దున ఎండ, పడమటి ముఖం మీద సాయంత్రం ఎండ. అంటే లాడ్‌బజార్ నుండి తీయాలంటే సాయంత్రం పోవాలి. గుల్జార్‌హౌజ్ నుండి మనం చూసేది ఉత్తర ముఖం. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి ఆ ముఖానికి పొద్దంతా ఎండే తగలదు. డిసెంబరులో అక్కడి నుండి తీసి, కట్టడం నల్లగా వచ్చిందని ఫోన్‌ను తిట్టుకున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అలాంటప్పుడు తెర మీద ఆకాశాన్ని వేలితో నొక్కి, కట్టడాన్ని నీడబొమ్మలా తీయడమే మేలు.

ఇంకో పొరపాటు మనందరం చేసేది. మీనార్ పూర్తిగా రావాలని దగ్గర నిలబడి ఫోన్ పైకి వంచుతాం. అప్పుడు మీనార్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. ఫోన్‌ను నిట్టనిలువుగా పట్టుకుని, మొత్తం పట్టేదాకా వెనక్కి నడవాలి. కింద అనవసరమైన నేల వస్తే తర్వాత కత్తిరించుకోవచ్చు. రంజాన్ రాత్రుల్లో తీసేవాళ్ళు ఫోన్‌ను గోడకో స్తంభానికో ఆనించాలి. చీకట్లో ఫోన్ ఎక్కువసేపు వెలుతురు తీసుకుంటుంది, నడిచేవాళ్ళు అలికినట్టు వస్తారు. 1838 నాటి పారిస్ వీధిలో జరిగింది కూడా ఇదే. మూడుకాళ్ళ స్టాండ్ పెట్టాలంటే మాత్రం పురావస్తు శాఖ అనుమతి కావాలి. మక్కా మసీదులో నమాజు చేసేవాళ్ళ మీదికి ఫోన్ ఎత్తకండి.

ఒక చిన్న ముచ్చట. చార్మినార్ నాలుగు వైపులా కనబడే గడియారాలు 1889లో పెట్టినవి. కాబట్టి ఎక్కడైనా గడియారం లేని చార్మినార్ పాత ఫొటో కనబడితే అది అంతకుముందు తీసిందని మీరే చెప్పేయవచ్చు. రేపు మీరు తీసిన ఫొటోను చూసి కూడా ఎవరో ఇలాగే కాలం లెక్క కడతారు. అందుకని కరెంటు తీగలు, దుకాణం బోర్డులు, బండ్లు అడ్డమొచ్చాయని బాధపడకండి. నేను మొదట్లో వాటిని తప్పించడానికి మెడలు విరుచుకున్నాను.

ఆ మొదటి ప్రయాణంలో తీసిన మూడు వందల ఫొటోలు అమ్మకు చూపించాను. అమ్మ పసుపు కళ్ళాల్లో కూలికి పోతుంది. గుమ్మటాలన్నీ గబగబా దాటేసి ఒకచోట ఆగింది. లాడ్‌బజార్ ఫొటోలో ఒక మూలన బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క గాజు చేస్తున్న ఒకాయన చెయ్యి, సగం ముఖం పడ్డాయి. "గా అన్నకు దినాం కూలి ఎంత పడ్తదట?" అని అడిగింది. నాకు తెలియదు. ఆయన అందులో ఉన్నాడన్న సంగతే అప్పటిదాకా నాకు తెలియదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు హాస్టల్‌లో ఎవరో పెద్దలు దుప్పట్లు పంచారు. దుప్పటి అందుకుంటూ కెమెరా వైపు చూడమన్నారు. నేను సరిగ్గా చూడలేదని దుప్పటి వెనక్కి తీసుకుని రెండోసారి ఇచ్చారు. ఆ ఫొటో ఎక్కడ పడిందో, దాని కింద ఏం రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. అంత అనుభవం ఉండి కూడా, లాడ్‌బజార్‌లో నేను చేసిన పని అలాంటిదే.

రెండోసారి పోయినప్పుడు ఫోన్ జేబులోనే పెట్టుకుని ఆయన దగ్గర కూర్చున్నాను. లక్కను కుంపటి మీద వేడి చేసి, సాగదీసి, గుండ్రంగా వంచి, మెత్తగా ఉండగానే రాళ్ళు ఒక్కొక్కటీ అద్దాలి. ఆలస్యమైతే గట్టిపడుతుంది, తొందరపడితే వేళ్ళు కాలుతాయి. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేనే ఆయనకు చెప్పాను. నవ్వి, చాయ్ తెప్పించాడు. కూలి ఎంతో కూడా చెప్పాడు. అది అమ్మకు చెప్పాను గాని ఇక్కడ రాయను, ఆయన సొంత విషయం. అరగంట తర్వాత ఫొటో తీయవచ్చా అని అడిగితే చొక్కా గుండీలు పెట్టుకుని, కుంపటి కొంచెం ముందుకు జరుపుకుని, తీయమన్నాడు. కూర్చున్న చోటు నుండి, ఆయన కళ్ళ ఎత్తులోనే తీశాను. నిలబడి పైనుండి తీస్తే మనిషి చిన్నగా, దీనంగా కనబడతాడు. ఎవరైనా వద్దంటే ఆపేయాలి. చాలామంది వద్దంటారు కూడా, అందులో తప్పేమీ లేదు.

సెల్‌ఫోన్‌లో ఉన్న ఫొటో ఫోన్ పోతే పోతుంది. అందుకే ఏటా ఓ పది ఫొటోలైనా కాగితం మీద వేయించండి, వెనుక పెన్సిల్‌తో ఊరు, తేదీ, మనిషి ఒప్పుకుంటే పేరు రాయండి. నేను గాజుల ఆయన ఫొటోను ఆర్మూరులోని స్టూడియోలో రెండు కాపీలు వేయించాను. ఒకటి మా ఇంట్లో ఉంది. రెండవది మూడోసారి పోయినప్పుడు ఆయన చేతికే ఇచ్చాను. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "జర నల్లగ తీసినవ్ బేటా" అన్నాడు. లోపలికి కేకేసి కొడుకును పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఇంకొకటి తీయమని.